మా బొట్టుగాడి గజ్జి

మా కుక్క బొట్టుగాడి చెవుల అంచులు, మోచేతులు పొక్కులు కట్టి అక్కడి వెంట్రుకలు రాలడం మొదలైనప్పుడు, వానాకాలపు చెమ్మకు పట్టిన తామర అనుకొని పది రోజులు వేపనూనె రాస్తూ కూర్చున్నాను. పశువైద్యుడు వాడి చెవి అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా నలపగానే, వాడు వెనక కాలితో గాలిలోనే గోక్కోసాగాడు. ఆ కదలిక గజ్జి పురుగుకు బలమైన ఆనవాలని, చర్మాన్ని గీకి సూక్ష్మదర్శిని కింద చూసినా ఆ పురుగు చాలాసార్లు కంటపడదని, అందువల్ల గట్టి అనుమానం ఉంటే మందు మొదలుపెట్టేస్తామని ఆయన వివరించారు.

అప్పటికే నా ముంజేతుల మీద దురదపెట్టే ఎర్రటి పొక్కులు లేచాయి. కుక్క గజ్జి మనిషికి అంటుకున్నా, ఆ పురుగు మన చర్మంలో వృద్ధి చెందజాలదు కనుక, కుక్కకు నయమైతే మనకూ క్రమంగా తగ్గిపోతుంది.

పక్కింటి పెద్దాయన వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయమన్నారు. కుక్క తన ఒళ్లు తానే నాకుతుంది, ఆ నూనె కడుపులోకి పోతే విషమే. ఆ సలహాను మర్యాదగానే తోసిపుచ్చాను. వైద్యుడు వాడి బరువును బట్టి ఇచ్చిన, గజ్జి పురుగును చంపే ఫ్లూరలనర్ మాత్రతో దురద తగ్గింది. వాడు పడుకునే దుప్పటిని వేడినీళ్లలో ఉడికించి ఎండలో ఆరేశాను. చెవి అంచున ఇప్పుడిప్పుడే నూగు మొలుస్తోంది.