నైట్ షిఫ్టుకి సెలవు

పొద్దున్నే మెహిదీపట్నం రైతుబజార్‌కి వెళ్లి లేత చింతచిగురు తెచ్చాను. ఉద్యోగం వదిలేశాక నాకు దొరికిన అసలు ఆస్తి ఈ ఉదయాలే.

అమెరికా క్లయింట్లకు సపోర్ట్ పని నాది. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు చలికాలంలో రాత్రి 7:30, వేసవిలో సాయంత్రం 6:30. వాళ్లు గడియారం మార్చినప్పుడల్లా మా ఇంట్లో అన్నాల వేళ మారిపోయేది. సెలవు రోజైనా సరే, ఫోన్ మోగితే గుండె దడ.

ఇప్పుడు ట్యూషన్లు చెబుతున్నా. రాబడి తక్కువే (ఈఎంఐల లెక్క చూసుకున్నాకే రాజీనామా ఇచ్చాను లెండి). కానీ రాత్రి పదింటికల్లా కమ్మగా నిద్రపడుతోంది. అమ్మ పక్కన కూర్చుని వేడన్నం తింటున్నా. ఎంత హాయిగా ఉందో!

వచ్చే నెల విశాఖ నుంచి అరకు రైలెక్కాలి, బొర్రా గుహల మీదుగా. ఎవరైనా వస్తారా?