నిండు గీతా? చుక్కలా?

ఎడమ కాలు కంకర మీద, కుడి చెయ్యి దాదాపు 170 కోట్ల ఏళ్ల నాటి నైస్ (gneiss) అనే చారల రాయి మీద. మధ్యలో ఫాల్టు, అంటే నేల విరిగి రెండు పక్కలూ జరిగిన పగులు! అమెరికాలోని డెత్ వ్యాలీ లోయలో, బ్లాక్ మౌంటెన్స్ కొండల అడుగున ఈ పొద్దున్న కదలబుద్ధి కాలేదు.

రెంటికీ మధ్య బొటనవేలి మందాన బూడిదరంగు మన్ను. గోటితో గీకితే రాలింది. కొండ లేస్తూ, లోయ దిగుతూ నూరేసిన రాయి అది.

ఇక ఈ ఫాల్టును మ్యాపులో పెట్టాలి. కళ్లారా చూసినచోట నిండు గీత, ఉజ్జాయింపుగా తెలిసినచోట తెగిన గీత, కంకర కింద దాగినచోట చుక్కలు. 1:24,000 స్కేలులో అర మిల్లీమీటరు పెన్సిల్ గీతంటే నేల మీద 12 మీటర్లు! ఏది చూశామో, ఏది ఊహించామో గీతలోనే చెప్పేయాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ నిజాయితీయే.

"చెట్టూ చేమా లేనిచోట ఏం చూస్తావురా?" అంది అమ్మ ఫోన్లో. అవి లేకపోబట్టే కదమ్మా, రాయి ఇంత బాగా కనిపిస్తోంది!

ఈ లోయ అడుగున బ్యాడ్‌వాటర్ అనే చోటు సముద్రమట్టానికి 86 మీటర్ల కింద. ఎదురుగా టెలిస్కోప్ పీక్ శిఖరం 3,366 మీటర్ల ఎత్తు. ఇంకో చోట ఈ ఫాల్టు, వాగు పరిచిన కంకరనే కోసేసి మెట్టులా నిలబెట్టింది. అంటే ఆ కదలిక కంకర కంటే కొత్తది. రేపు అక్కడికే.