రెండు కార్తీకాలు, ఒక కుక్కపిల్ల

పర్లాకిమిడి, సోమవారం రాత్రి

ఇంకా చీకటి విడకముందే పక్కింటి మౌసీ పూలసజ్జతో వచ్చేసింది. ఒడియావాళ్ళ కార్తీకం పౌర్ణమితో అయిపోతుంది, మనది దీపావళి మర్నాడు మొదలై అమావాస్యదాకా సాగుతుంది. రెండూ కలిసే ఈ పక్షం రోజులూ రెండిళ్ళ శివుడికీ మా పెరట్లో పూలే. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు. హాలాహలం మింగినవాడికి విషపు మొక్కల మీదే మనసు కాబోలు!

మౌసీ కొమ్మ వంచేసరికి పచ్చ గన్నేరు కాయొకటి రాలింది. మా కుక్కపిల్ల చిట్టి, బంతేదో దొరికినట్టు పరిగెత్తి దాన్ని నోట కరిచింది. వానాకాలంలో వీధిలోంచి వచ్చి చేరింది. ఇప్పుడు పళ్ళు మారుతున్నాయేమో, చెప్పులు, సబ్బు, చీపురు ఏదీ వదలడం లేదు. దవడ పట్టుకుని కాయ లాగేశాను. మూడు మూలల పచ్చటి కాయ, పన్ను గీరుకున్న చోట తెల్లగా పాలు ఉబికి ఉన్నాయి. లోపలి గట్టి టెంక దాకా పోలేదు. వెంటనే దాని నోరు, నా చేతులు కడిగేశాను.

"పశువుకి తెలీదేటే ఏటి తినాలో? ఆవు గన్నేరు జోలికెళ్తదా?" అంది అమ్మ. బయట పది రకాల గడ్డి మేసే ఆవు మాట వేరు. పెరడే లోకమైన పిల్లకి ఏది కనబడినా కొరికి చూడాల్సిందే. పైగా గన్నేరు ఆకు ఎండినా విషం పోదు, గుండె కొట్టుకునే తీరే తప్పుతుంది. అంటే చెట్టు కంటే ఊడ్చి మూలకి తోసిన ఆకుల కుప్ప, తులసికోట పక్కన పోసిన నిర్మాల్యం మీదే నాకు ఎక్కువ భయం. అటు ఎవరూ చూడరు కదా.

చెట్టు కొట్టనివ్వనంది అమ్మ. నాకూ కొట్టాలని లేదు. సాయంత్రానికి చుట్టూ వెదురు దడి కట్టించాను. నిర్మాల్యానికి మూతున్న బకెట్ పెట్టాను. అమ్మ కోపమంతా కిటికీలోని మనీ ప్లాంట్ మీదికి మళ్ళింది. దాని ఆకు కొరికితే సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు నోట్లో గుచ్చుకుని మండుతుంది, చొల్లు కారుతుంది. బాధే గానీ, గన్నేరుతో పోలిస్తే అదెంత? అయినా పైకి ఎత్తి కట్టేశాను.

మధ్యాహ్నం టీకాకి తీసుకెళ్ళినప్పుడు పశువుల డాక్టరుగారికి పొద్దుటి సంగతి చెప్పాను. ఈసారి నిజంగా నమిలి మింగితే వాంతులయ్యేదాకా ఆగొద్దన్నారు. కక్కించడానికి ఉప్పునీళ్ళు అస్సలు పొయ్యొద్దట, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుందట. కొరికిన కొమ్మ తుంచి వెంట తెమ్మన్నారు, చూస్తే మందు ఆలస్యం కాదని.

రాత్రి బరంపురం అక్కకి ఫోన్ చేశాను. వాళ్ళింట్లో పిల్లి. బొకేల్లో వచ్చే లిల్లీ పూల పుప్పొడి ఒంటికి అంటి, అది నాక్కున్నా పిల్లికి మూత్రపిండాలు పాడైపోతాయని చెబితే నవ్వింది. "పూజకి గన్నేరు పెంచేవాళ్ళు నాకు చెప్తారేటి?" అంది. బావకి ఆఫీసులో సన్మానం ఉందట ఈ వారం. లిల్లీలున్న బొకే వస్తే గుమ్మం దాటనివ్వకుండా అక్కడే ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాను.