తడెలాక్ట్ బేసిన్: అంతా బాగుంది, ఆ రంధ్రం చుట్టూ తప్ప

మళ్లీ అక్కడే చీలింది! తడెలాక్ట్ అంటే రాయితో రుద్ది, నూనె సబ్బుతో నీరు ఇంకకుండా చేసే మొరాకో సున్నపు పూత. హోమ్‌స్టే గదికి దానితో చేస్తున్న ఈ ఎర్రమట్టి రంగు వాష్‌బేసిన్‌లో గోడలు నిగనిగలాడుతున్నాయి, పై అంచు వంపు చక్కగా కుదిరింది, రెడ్ ఆక్సైడ్ ఎక్కడా తేలిపోలేదు. వేస్ట్ కప్లింగ్ (నీళ్లు బయటికి పోయే ఇత్తడి అమరిక) దిగే రంధ్రం చుట్టూ మాత్రం పాత తంటానే.

బేసిన్ లోపలి వ్యాసం 420 మి.మీ., లోతు 130, రంధ్రం 45. ఇటుకతో కట్టి సున్నం-సుర్కీ (ఇటుక పొడి) పూసిన గిన్నె మీద తడెలాక్ట్ మొదటి పొర 5-6 మి.మీ., పై పొర 2-3. రంధ్రం నుంచి 25 మి.మీ. లోపల వలయాలుగా సన్న చీలికలు, వెడల్పు 0.1 నుంచి 0.2 మి.మీ. గోడ మీద వేసిన నీటి బొట్టు అరగంటైనా గుండ్రంగానే నిలుస్తోంది. రంధ్రం పక్కన నిమిషంలో ఇంకిపోతోంది. రాత్రంతా నీళ్లు నింపి ఉంచితే 60 మి.మీ. మేర నల్లటి చెమ్మ పాకి, ఆరడానికి రెండు రోజులు తీసుకుంటోంది.

మొదటి అనుమానం ఇత్తడి మీద. వేడినీళ్లకు కప్లింగ్ వ్యాకోచించి పూతను నెడుతోందేమో అని లెక్క కట్టి చూస్తే, కప్లింగ్ 65 మి.మీ. అంచు 35 డిగ్రీలు వేడెక్కినా పెరిగేది 0.04 మి.మీ. సున్నమూ అందులో సగం దాకా పెరుగుతుంది. మిగిలిన తేడా రబ్బరు వాషర్‌కు లెక్కలోకి రాదు. పైగా కప్లింగ్ బిగించకముందే చీలికలు కనిపించాయి. కాబట్టి ఇత్తడిది తప్పు కాదు.

రెండోది సబ్బు. నూనె సబ్బులోని కొవ్వు ఆమ్లాలు పచ్చి సున్నంతో కలిసి నీటిలో కరగని కాల్షియం సబ్బుగా మారి పూతలోని సన్నని రంధ్రాలను మూస్తాయి. అంచు దగ్గర పచ్చి సున్నమే మిగల్లేదా? అక్కడ చిన్న ముక్క విరిచి ఫినాల్ఫ్తలీన్ (పచ్చి సున్నం తగిలితే గులాబీ రంగుకు మారే ద్రవం) చుక్క వేస్తే ముదురు గులాబీ రంగు వచ్చింది. సున్నం పుష్కలంగా ఉంది. (కుంకుడు రసం వాడొచ్చుగా అని చాలామంది అడుగుతారు. నురగ వస్తుంది గానీ అది కొవ్వు సబ్బు కాదు, ఈ పని చెయ్యదు.)

అసలు సంగతి ఆ విరిచిన ముక్కలోనే దొరికిందనిపిస్తోంది. గోడలో 8 మి.మీ. ఉన్న పూత రంధ్రం దగ్గర 14 ఉంది, ఎందుకంటే నీళ్లు రంధ్రం వైపు జారే వాలంతా పూతతోనే వచ్చింది. మందం పెరిగితే ఆరేటప్పుడు కుదింపూ పెరుగుతుంది. దానికి తోడు రంధ్రంలోంచి కింది గాలి ఆడుతోంది. గదిలో 34 డిగ్రీలు, తేమ 40 శాతం. గోడ ఇంకా మెత్తగా ఉండగానే అంచు గంటన్నర ముందు బిగుసుకుంది. పూతను రుద్దే 40 మి.మీ. వెడల్పు అగేట్ రాయి రంధ్రం అంచున ఉన్న 5 మి.మీ. వంపులో కూర్చోదు. అంటే పూత మందంగా ఉన్నచోటే రుద్దుడు తక్కువ పడింది.

వాలును సిమెంటుతో తెమ్మనే సలహా నాకు నచ్చదు. దానిలోని లవణాలు చెమ్మతో పైకొచ్చి తెల్లగా పూస్తాయి. పైన ఆక్రిలిక్ పూత అసలే వద్దు, సున్నం ఊపిరి ఆగిపోతుంది. సున్నంలో కలిపే కరక్కాయ నీళ్లు మంచివే గానీ లేత రంగులను పసుపుగా మారుస్తాయి. ఈ ఎరుపులో పర్వాలేదు.

ఈసారి వాలంతా సున్నం-సుర్కీ గిన్నెలోనే తేవాలి, పూత ఎక్కడా 8 మి.మీ. దాటకూడదు. అంచు వంపు 12 మి.మీ.కి పెంచాలి. పూత వేసేముందే నూనె రాసిన చెక్క బిరడా రంధ్రంలో బిగించి కింద గుడ్డ కట్టేస్తే గాలి ఆడదు. వేలి కొసంత గులకరాయితో ముందు అంచు, ఆ తర్వాతే గోడలు. పని ఆపినప్పుడల్లా తడి గోనెపట్టా కప్పాలి. కప్లింగ్ ఫుల్ థ్రెడ్‌దే (పొడవునా మరలున్నది), కంపెనీల్లో నా ఓటు జాక్వార్‌కు. 3 మి.మీ. రబ్బరు వాషర్ వేసి చేత్తో బిగిస్తే చాలు, పానా వద్దు.

బేసిన్ కింద కడప నల్లరాయి పలక వస్తుంది. అదీ సున్నపురాయే కాబట్టి గదులు శుభ్రం చేసేవాళ్లకు ఒకే నియమం: యాసిడ్ ఉన్న క్లీనర్, వెనిగర్, నిమ్మకాయ ఏవీ తగలకూడదు, నూనె సబ్బు నీళ్లే. తలుపు వెనుక తెలుగులో రాసి అంటించాలి. ఈ అంచు గట్టెక్కితే షవర్ గూడుకు పసుపు ఆక్సైడ్‌తో 300 మి.మీ. నమూనా పలక మొదలుపెడతాను. అక్కడ లోపలి మూలలు ఉంటాయి, వాటికి ఏ రాయి సరిపోతుందో ముందే తేల్చుకోవాలి.