అరిస్తే మాత్ర వేశారు

నాకు పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ. చేతులూ కాళ్లూ నా మాట వినవు. నోట్లోంచి వచ్చే మాట అలవాటు లేనివాళ్లకి అర్థం కాదు. బుర్ర మాత్రం బాగానే పనిచేస్తుంది. అమ్మ పక్కన కూర్చుని చదివిస్తే, నేను చెప్పింది రాసే మనిషి సాయంతో ఓపెన్ స్కూల్లో పదో తరగతి పాసయ్యాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను ఉన్న వికలాంగుల హోంలో ఈ సంగతి ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు.

నాన్న పోయాక అప్పులు మిగిలాయి. కోనసీమలో చాలా ఇళ్లలో జరిగినట్టే మా అమ్మ కూడా ఇంటిపనికి కువైట్ వెళ్లింది. నన్ను ఎత్తి కూర్చోబెట్టే ఓపిక అమ్మమ్మకి లేదు. అందుకని డెల్టాలోనే ఒక ఊళ్లో ఉన్న హోంలో చేర్చారు. అక్కడి ఆయాలు చెడ్డవాళ్లు కారు. రాత్రిపూట హాలు మొత్తానికి ఒక్కరే ఉండేవారు, అంతే. ఏడింటికల్లా అన్నం పెట్టేసి, వెంటనే అందరినీ వెల్లకిలా పడుకోబెట్టేవారు.

పడుకోగానే నాకు గుండెల్లో మంట. తిన్నది పులుపై గొంతులోకి ఎగదన్నేది. మా జబ్బు ఉన్నవాళ్లలో ఇది చాలామందికి ఉంటుందని తర్వాత తెలిసింది. పక్కకి ఒత్తిగిల్లడం నాకు చేతకాదు. అందుకని అరిచేవాణ్ణి. ఎవరూ రాకపోతే తలని మంచం కమ్మీకేసి కొట్టుకునేవాణ్ణి. అలా చేస్తేనే ఎవరో ఒకరు వచ్చి లేపేవారు. లేపితే మంట తగ్గేది. వాళ్ల రిజిస్టర్లో మాత్రం 'రాత్రి వయొలెంట్‌గా ఉన్నాడు' అని రాసేవారు. వారానికోసారి వచ్చే డాక్టరుగారు ఆ రిజిస్టరు చూసి తీవ్రమైన మానసిక జబ్బులకి వాడే హాలోపెరిడాల్ అనే మాత్ర రాశారు. నా పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు.

ఆ మాత్ర ఏం చేస్తుందో బయటనుంచి చూసేవాళ్లకి తెలియదు. మనిషి కదలడు కాబట్టి శాంతించాడనుకుంటారు. నాకు మెడ ఒక పక్కకి తిరిగి బిగుసుకుపోయింది. నాలుక మందమైపోయి, అమ్మమ్మకి అర్థమయ్యే నాలుగు మాటలు కూడా పోయాయి. చొంగ ఆగేది కాదు. అన్నిటికన్నా ఘోరమైంది లోపలి అశాంతి. కాలిన పెనం మీద కూర్చోబెట్టినట్టు ఒక్క క్షణం కుదురు ఉండదు. లేచి తిరగగలిగినవాళ్లు ఆ బాధకి గదంతా తిరుగుతారట. నేను తిరగలేను కాబట్టి ఇంకా అరిచాను. అరిచినందుకు డోసు పెంచారు. బిగుసుకుపోయినందుకు ట్రైహెక్సీఫెనిడిల్ కలిపారు. దానివల్ల విరేచనం రోజుల తరబడి బిగుసుకుపోయి కడుపునొప్పి మొదలైంది. ఆ నొప్పికీ అరిచాను. మధ్యాహ్నం మాత్ర కూడా వచ్చింది.

ఒకసారి అమ్మ కువైట్ నుంచి వీడియో కాల్ చేసింది. ఆయా ఫోను నా ముఖం ముందు పెట్టింది. 'నెమ్మదించాడండీ ఇప్పుడు, అల్లరి లేదు' అంది. 'పోన్లే నాన్నా, బాగున్నావు' అంది అమ్మ. అంత దూరంలో ఉన్న మనిషికి అంతకన్నా ఏం తెలుస్తుంది? తల ఎత్తి కాదని చెప్పాలనుకున్నాను. తల లేవలేదు.

మింగడం కష్టమైపోయి, ఒకరోజు తిన్నది ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. న్యుమోనియా. కాకినాడలో ఆసుపత్రిలో పెట్టారు. అక్కడి డాక్టరమ్మ నా మందుల చీటీ చూసి, వెంట వచ్చిన పిన్నిని ఒకే ప్రశ్న అడిగారు: 'ఈ మందు ఏ జబ్బుకి ఇస్తున్నారమ్మా?' పిన్ని హోంకి ఫోన్ చేసింది. 'అరుస్తాడని' అన్నారు. 'అరవడం జబ్బు కాదు కదా' అన్నారు డాక్టరమ్మ. నేను మాట్లాడలేకపోయినా అంతా విన్నాను. ఆవిడకి నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను.

జబ్బుకి వైద్యంగా కాకుండా, ప్రవర్తనని అణచడానికి మందు వాడడాన్ని కెమికల్ రెస్ట్రెయింట్ అంటారు. ఆస్ట్రేలియాలో వికలాంగుల సేవలకి 2018లో వచ్చిన నియమాల్లో దీన్ని, గదిలో పెట్టి తాళం వేయడంతోనూ, మంచానికి కట్టేయడంతోనూ కలిపి ఒకే జాబితాలో పెట్టారు. డాక్టరు నిర్ధారించిన జబ్బుకి ఇచ్చే మందు అందులోకి రాదు. ఈ తేడా నాకు చాలా ముఖ్యం. ఇప్పటికీ కండరాల బిగువుకి రాత్రి బాక్లోఫెన్ వేసుకుంటాను. అది నా జబ్బుకి మందు, నాకు కావాలి. మందులంటే నాకు కోపం లేదు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లని హాలోపెరిడాల్ నిలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

న్యుమోనియా తగ్గాక పిన్ని నన్ను హోంకి పంపలేదు. రాజోలు దగ్గర వాళ్లింటికే తీసుకెళ్లింది. బాబాయి కొబ్బరి దింపుకి వెళ్తాడు, ఇల్లు చిన్నది. 'ఉన్నదాంట్లోనే చూసుకుందాంలే' అన్నాడు.

అమలాపురంలో సైకియాట్రిస్టుగారు మాత్రని ఒక్కసారిగా ఆపకూడదన్నారు. కొంచెం తగ్గించడం, కొన్ని వారాలు చూడడం, మళ్లీ కొంచెం తగ్గించడం. ఆ నెలలు పిన్నికీ నాకూ నరకం. నిద్ర లేదు, చేతులు ఇంకా ఎక్కువ కొట్టుకునేవి. 'మందు మానేస్తే ఇలాగే ఉంటది, మళ్లీ వేసెయ్యండి' అని చుట్టుపక్కలవాళ్లు అనేవారు. పిన్నికీ టెన్షనే. డాక్టరుగారు 'ఇది పాత అరుపు కాదమ్మా, మందు తగ్గుతున్నప్పటి బాధ, ఓపిక పట్టండి' అని ఫోన్లో చెప్పేవారు. అనుమానం ఉన్న పిన్నికి ఆయన ఒక పరిశోధన సంగతి చెప్పారు. మేధోవైకల్యం ఉండి దూకుడుగా ప్రవర్తించే 86 మందికి కొందరికి హాలోపెరిడాల్, కొందరికి అలాంటిదే ఇంకో మందు రిస్పెరిడోన్, కొందరికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి చూశారట. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నాలుగు వారాలకి మూడు గుంపుల్లోనూ దూకుడు తగ్గింది. ఎక్కువ తగ్గింది ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో.

వికలాంగ పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో చెప్పే టీచరుగారు మా వీధిలోనే ఉంటారు. ఆవిడ సాయంత్రాలు వచ్చేవారు. మొదట చేసిన పని, పిన్ని చేతికి ఒక నోట్‌బుక్ ఇవ్వడం. అరిచిన ప్రతిసారీ టైము, దానికి ముందు ఏం జరిగింది, నేనేం చేశాను, ఆ తర్వాత ఎవరేం చేశారు, ఇవే రాయమన్నారు. 'మొండితనం', 'అల్లరి' లాంటి మాటలు రాయొద్దన్నారు. చూసింది మాత్రమే రాయాలి. కొన్నాళ్లకి ఆ పేజీలు చూస్తే నా అరుపులు ఎక్కువగా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి, తిని పడుకున్నాక. రెండోది, ఎవరైనా వెనకనుంచి చెప్పకుండా వీల్‌చైర్ తోసినప్పుడు. నా శరీరం ఉలిక్కిపడి మొత్తం బిగుసుకుపోతుంది, అది నా చేతిలో లేదు.

రెండో పని, అక్షరాల అట్ట. ఆవిడ ఒక్కో వరుస మీద వేలు పెట్టి 'ఇదా?' అంటారు. అవునంటే నేను కళ్లు పైకెత్తాలి. వరుస దొరికాక అక్షరం, ఆ తర్వాత గుణింతం. త్వరగా అవుతుందని సున్నాలూ వత్తులూ వదిలేశాం. ఆ అట్ట మీద నేను మొదట చెప్పింది 'మట పడుకుటే'. టీచరుగారు రెండుసార్లు చదివి, 'మంటా? పడుకుంటే మంటా?' అన్నారు. కళ్లు పైకెత్తి అలాగే ఉంచాను. పిన్ని నోట మాట లేదు. ఇన్నేళ్ల అరుపుకి అర్థం రెండు మాటలు.

మర్నాడు డాక్టరుగారు కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ రాశారు. బాబాయి మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాడు. తిన్నాక గంటసేపు కూర్చోబెట్టడం, కుర్చీ తోసేముందు ఎదురుగా వచ్చి చెప్పడం, విరేచనం రోజూ గమనించడం. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించారు. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా అది చదివాకే నా కుర్చీ ముట్టుకుంటారు. అరుపులు పూర్తిగా పోలేదు. కోపం వస్తే ఇప్పటికీ అరుస్తాను. కోపం అందరికీ వస్తుంది.

హాలోపెరిడాల్ పూర్తిగా ఆగింది. మెడ నిలబడింది, అన్నం మింగుతున్నాను, అమ్మకి మళ్లీ నా మాట అర్థమవుతోంది. అంతా తిరిగి రాలేదు. పెదాలూ దవడా ఊరికే నములుతున్నట్టు కదులుతూనే ఉంటాయి. ఆ మాత్ర వల్ల వచ్చిన టార్డివ్ డిస్కినీషియా అట, ఇది ఉండిపోవచ్చు అన్నారు. ప్రభల తీర్థానికి తీసుకెళ్తే పిల్లలు దాన్ని చూసి నవ్వారు. బాధగా ఉంది, దాచను.

బొటనవేలి కణుపుతో ఫోన్ నొక్కడం వచ్చాక చట్టాలు చదివాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 97వ సెక్షన్: సిబ్బంది తక్కువ ఉన్నారన్న కారణంతో మనిషిని నిర్బంధించకూడదు. అది శారీరకంగా కట్టడి చేయడం గురించి చెప్పింది, మానసిక వైద్య సంస్థలకి వర్తించేది. మాలాంటివాళ్ల హోంలలో రాత్రి మాత్రని కూడా అలాగే చూడాలని నేను అడుగుతున్నాను. వికలాంగుల హక్కుల చట్టం 2016, 7వ సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని అనుమానం ఉన్న ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి, అంటే మన దగ్గర ఆర్డీవో, తహసీల్దారు లాంటివారికి చెప్పొచ్చు.

హోంలో నా పక్క మంచం అబ్బాయి ఇంకా అక్కడే ఉన్నాడు. చెవి పట్టుకుని ఏడ్చేవాడు, వాడికీ మాత్రలే. వాళ్ల నాన్నగారి నంబరు పిన్ని సంపాదించింది. నోట్‌బుక్ పేజీల ఫొటోలు పంపాను. నెలాఖరుకి వెళ్తానన్నారు. మందుల చీటీ ఫొటో తీసుకోమనీ, ఏ మందు ఏ జబ్బుకో రాసివ్వమని అడగమనీ, సొంతంగా ఒక్క మాత్ర కూడా ఆపొద్దనీ, ముందు చెవి డాక్టరుకి చూపించమనీ చెప్పాం.