మా ఊరి నుంచి విశాఖ దాకా స్టేషన్లు

స్కానింగ్ గదిలోకి వెళ్లేముందు పుస్తెలతాడు, మెట్టెలు, ముక్కుపుడక తీసి మా ఆయన చేతిలో పెడతాను. ఎం.ఆర్.ఐ. కదా, ఒంటి మీద లోహం ఉండకూడదు. మెడ బోసిగా ఉండకూడదని మా అత్త ముందురోజే దారానికి పసుపు కొమ్ము కట్టి ఇస్తుంది. అది మెడలో ఉంటే నాకు ధైర్యం. తల నుంచి పాదాల దాకా తీయడానికి గంట దాటుతుంది. చెవులు మూసినా ఆ మోత ఆగదు. కళ్లు మూసుకుని విశాఖ రైలు ఎక్కాననుకుంటాను: ఆమదాలవలస, పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, విజయనగరం...

నాలుగేళ్ల కిందట, నా 29వ ఏట, రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. అప్పటికి పాప పాలు తాగుతోంది. మొదట చూసిన డాక్టరు పాలగడ్డ అన్నారు. మూడు నెలలు అలాగే పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. చివరికి బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది.

విశాఖలో డాక్టరమ్మ మా అమ్మ వైపు సంగతులన్నీ అడిగారు. అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో 33 ఏళ్లకే పోయింది. మేనమామకు 14 ఏళ్లప్పుడు తొడ ఎముకలో వచ్చింది. ఊళ్లో అంతా ఆ ఇంటికి తగిలిన శాపం అనేవారు. రక్తపరీక్షలో తేలింది శాపం కాదు, టీపీ53 అనే జన్యువులో లోపం. పాడైన కణాలను పెరగకుండా ఆపాల్సింది అదే. జబ్బు పేరు లి-ఫ్రామెని సిండ్రోమ్. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. రేడియేషన్ మాలాంటివాళ్లకి కొత్త క్యాన్సర్ తేగలదని రొమ్ము మొత్తం తీసేసి, కీమో ఇచ్చారు. జుట్టు మళ్లీ వచ్చింది. పాపకి పరీక్ష చేయిస్తే లేదని వచ్చింది. ఆ కాగితం దేవుడి గూట్లోనే ఉంది.

తమ్ముడే ఒప్పుకోలేదు. "ఉందని తెలిస్తే నాకు పిల్లనెవరిస్తారక్కా?" అన్నాడు. 2016లో టొరంటో డాక్టర్లు వేసిన లెక్క వాడికి చెప్పాను. ఈ లోపం ఉండి, క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకున్నవాళ్లలో, కణితి బయటపడిన ఐదేళ్లకు నూటికి దాదాపు 89 మంది బతికున్నారు. చేయించుకోనివాళ్లలో 60 మందే. వాడేమీ అనలేదు. నెల తర్వాత తనే వచ్చి రక్తం ఇచ్చాడు. వాడికీ ఉంది.

ఇప్పుడు ఇద్దరం కలిసే వెళ్తున్నాం. ఏడాదికోసారి ఒళ్లంతా, మెదడుకీ ఎం.ఆర్.ఐ., మూడు నాలుగు నెలలకోసారి కడుపు అల్ట్రాసౌండ్. సీటీ స్కాన్ వీలైనంతవరకు వద్దన్నారు, అందులో రేడియేషన్ ఉంటుంది. మొదటిసారి వాడి చేతులు చల్లబడిపోయాయి. "లోపల అంతసేపు ఏం చేస్తావక్కా?" అన్నాడు. స్టేషన్లు చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విని, "దూసి వదిలేశావు" అన్నాడు.