రెండో పేజీ

మందు పట్టుకెళ్తే, నేను చూసుకునే యూదు తాతగారు చెయ్యి అడ్డం పెట్టారు, ఆగమని. ఎదురుగా ఆయన చదువు జోడీ, ఇంకో ముసలాయన, బల్ల గుద్ది మరీ వాదిస్తున్నాడు. ఇద్దరు ఒకే బట్ట పట్టుకుని నాదంటే నాదంటున్నారు, ఎవరికివ్వాలి? యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముద్‌లో ‘బావా మెట్సియా’ అనే భాగం మొదలయ్యేదే ఈ తగువుతో. వారం నుంచీ అదే పేజీ!

రోజుకొకటి చొప్పున తాల్ముద్ మొత్తం 2,711 పేజీలు ఏడున్నరేళ్లలో చదివేసేవాళ్లు ఈ జెరూసలేంలోనే ఉన్నారు కదా, మీకెందుకింత నెమ్మది అన్నా. నవ్వి, పేజీ మూల వేలు పెట్టారు. హీబ్రూ ‘బెత్’ అక్షరం, అంటే 2. ఒకటో పేజీ ఉండదట. ఎంత చదివినా ఇంకా మొదలే చూడలేదని గుర్తుండాలట.

పొద్దున ఆయన చెప్పుకునే ప్రార్థనలో కూడా తోరా, అంటే వాళ్ల ధర్మశాస్త్రం, ‘చదవమని’ కాదు, అందులో మునిగి ఉండమనే ఉంటుందట.

నేనేమో బస్సులో ఫోన్‌లో బైబిల్ అధ్యాయం గబగబా తిప్పేసి, హమ్మయ్య అయిపోయింది అనుకునే రకం.

తొమ్మిదింటి మందు పదిన్నరకి వేసుకున్నారు. తగువు ఇంకా తేలలేదు.